కుర్చీ ఎక్కని సుదర్శన్ సార్

కోరుట్ల సుదర్శన్ సార్ కంప్యూటర్లు బాగుచేస్తాడు. కానీ కంప్యూటర్ ముందు కూర్చోడు. ఎవరి కంప్యూటర్ ముందూ, ఎప్పుడూ, ఎంతటివాళ్లు బతిమాలినా కూర్చోడు. ఉప్పు చూడకుండా కూర వండేవాళ్లు ఉంటారు, అద్దం చూడకుండా బొట్టు పెట్టుకునేవాళ్లు ఉంటారు గానీ, కుర్చీ ఎక్కకుండా ఇన్ని ఊళ్ల కంప్యూటర్లు నడిపించే మనిషి జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా వెతికినా ఈయన ఒక్కడే.

ఆయన దుకాణంలో కుర్చీలు ఉంటాయి. వాటిలో వచ్చినవాళ్లు కూర్చుంటారు. సార్ మాత్రం గడప మీద నిలబడి, చేతిలో ఫోన్ గీకుతూ, లోపలి మిషన్లను బయటినుంచే నడిపిస్తుంటాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్ని వాచ్‌మన్ అనుకుని "సార్ ఎప్పుడస్తడు?" అని అడుగుతారు.

"సార్ అచ్చేటాయన కాదు. మీరు పనేందో చెప్పుండ్రి" అంటాడు సార్.

ఫోన్ చేసి "మిషిన్ ఆగిపోయింది, జర రాండ్రి" అంటే "అస్తున్న" అంటాడు. బస్సు కూడా ఎక్కుతాడు. కాకపోతే అటు పోయే బస్సు కాదు, ఇటు పోయే బస్సు. మెట్‌పల్లి పసుపు వ్యాపారి ఒకాయన తన గుమాస్తా కంప్యూటర్ మొండికేసిందని మొత్తుకుంటే, సార్ కోరుట్ల బస్టాండుకు పోయి, కళ్లముందే ఆగిన మెట్‌పల్లి బస్సును సాగనంపి, జగిత్యాల బస్సెక్కి, మేడిపల్లిలో అక్క ఇంటి దగ్గర దిగి, మంచం మీద కాళ్లు చాపుకుని ఫోన్‌లోంచే ఆ మిషన్‌ను లేపాడు.

"మెట్‌పల్లి పక్కకే ఉండె గద సార్, గటెందుకు పోయిండ్రు?" అని అడిగాడు వ్యాపారి.

"దూరం పోతెనే మంచిగ కనవడ్తది. దగ్గర కూసుంటె మిషిన్ మొహమాటపడ్తది."

సార్ వాళ్ల నాయన మేడిపల్లిలో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆ సంగతి సార్ గొప్పగా చెప్పుకుంటాడు. "మా నాయిన ఎక్కి దింపేది. నేను ఎక్కకుంటనే దింపుత. గంతే తేడా." సార్ భార్య రజని లెక్క వేరు. "గీయిన పెండ్లి సూపులకు గూడ రాలే. వాల్లవ్వను తోలి, ఫోన్ల నన్ను సూసిండు. సూసి ఏమన్నడో ఎరికేనా? 'మంచిగనే నడుస్తున్నది' అన్నడు!"

జగిత్యాలలో ఒక కాలేజీవాళ్లు కొత్త కంప్యూటర్ ల్యాబ్ పెట్టి, మొదటి బటన్ మీరే నొక్కాలని సార్‌ను పిలిచారు. కుర్చీకి పూలదండ కూడా చుట్టారు. సార్ ఆ కుర్చీని చూడగానే పాము కనబడ్డట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. ల్యాబ్ ఊడ్చే సత్తవ్వ చీపురు పట్టుకుని మూలన నిలబడి ఉంది. "అవ్వా, జర గిండ్ల కూసొని గీ బటన్ ఒత్తు" అని చెప్పి, తను పోయి స్కూటర్లు పెట్టే చోట నిలబడ్డాడు. సత్తవ్వ ఒత్తింది. మిషన్లన్నీ వెలిగాయి. లేవమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె సభ అయ్యేదాకా అలాగే కూర్చుంది. ఆ రోజు ఫోటోలో సత్తవ్వ పూలకుర్చీలో దర్జాగా ఉంటుంది, పెద్దలంతా అటూ ఇటూ పెళ్లివారిలా నిలబడి ఉంటారు.

ఇలాంటి మనిషి చేతిలో పడింది స్రవంతి బతుకు. చేతిలో అంటే ఫోన్‌లో.

స్రవంతిది వీర్నపల్లి. డిగ్రీ చదివి, సిరిసిల్లలో రవీందర్ సేటు మరమగ్గాల షెడ్డులో చీరల అంచులూ కొంగులూ కంప్యూటర్ మీద గీసే పనికి కుదిరింది. సేటుకు మగ్గాలు బాగానే ఉన్నాయి. డిజైన్ల కంప్యూటర్ మాత్రం ఒక్కటే, అదీ ముసలిది. కొంగు మీద నెమలిని తెరవమంటే ముందు తోక చూపించేది. స్రవంతి పోయి చాయ్ తాగి వచ్చేసరికి మెడ చూపించేది. మధ్యలో సేటు వచ్చి చూసి, "ఏందే, కొంగు మీద విసనకర్ర గీసినవా?" అనేవాడు. "నెమలి సేటూ, ఇంకా అస్తున్నది" అనేది స్రవంతి.

ఆ ముసలి మిషన్ ప్రాణం ఏడాదిగా నిలబెడుతున్నది సుదర్శన్ సారే. ఆ ఏడాదిలో స్రవంతి ఆయన ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. "మీరే ఒక్కసారి అచ్చి సూడుండ్రి సార్" అన్న ప్రతిసారీ ఒక కొత్త సాకు. బస్సు వాసన పడదు. కొత్త చెప్పులు కరిచాయి. బర్రె ఈనింది. అన్నీ నమ్మింది పాపం. ఒకరోజు ఫోన్ రజని ఎత్తితే, "వదినా, బర్రె దూడ మంచిగున్నదా?" అని అడిగింది.

"బర్రెనా? మాకు బర్రెనే లేదు పిల్లా!"

సార్ రాడు, కానీ వదలడు కూడా. "నేను చెప్త, నువ్వు కొట్టు" అంటాడు. ఏ బటన్ కొట్టాలో చెప్పి, ఎందుకు కొట్టాలో చెప్పి, తప్పు కొడితే ఏమవుతుందో కూడా కొట్టించి మరీ చూపిస్తాడు. విసుగు పుట్టి స్రవంతి "మీరైతె నిమిషంల చేస్తరు గద సార్" అంటే, "నా ఏళ్లు మొద్దుగుంటయ్ బిడ్డా, రెండు బటన్లు ఒక్కసారే పడ్తయ్" అనేవాడు.

అలా నడుస్తుండగా ఒక సోమవారం పొద్దున రవీందర్ సేటు డిజైన్ల గదిలోకి వచ్చాడు. స్రవంతి లేచి నిలబడింది. సేటు ఆమె కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పాపం ఎంతో కష్టపడి వచ్చిన నెమలి మెడను మాయం చేసి, అప్పుడు విషయం చెప్పాడు.

"బేస్తారం నాడు జగిత్యాల రమణ సార్ అస్తున్నడు. పెద్ద దుకాణం. పండుగ చీరల అంచులన్ని స్క్రీన్ మీద సూసి, నచ్చితె సాలంత పని మనకే ఇస్తడట. గీ ముసలిదాన్ని ముందట వెట్టుకోని ఆయనకేం సూపెడ్తవ్? తోకనా?"

"కొత్తది కొనుండ్రి సేటూ."

"నా రూంల కొత్తది కొన్న గద! మల్లొకటా? మా బామ్మర్ది కొడుకు అజయ్ కరీంనగర్‌ల ఖాళీగనే ఉన్నడు. ల్యాప్‌టాప్ వట్టుకోని రమ్మంట. గీ కుర్చిల ఆయన కూసుంటడు. నువ్వు పోయి దుర్గవ్వ పక్కన కండెలు సుట్టు."

కండెలు చుట్టడమంటే మగ్గానికి కావలసిన దారాన్ని చిన్న చిన్న గొట్టాలకు చుట్టడం. తక్కువ పనేమీ కాదు. దుర్గవ్వ ఆ పని మీదే ఇల్లంతా సాకింది. కానీ స్రవంతి గీసిన అంచును రేపు ఇంకెవరో చెడగొడుతుంటే, గోడ అవతల కూర్చుని దారం చుట్టడమంటే? ఆమె సార్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది. సార్ ఈసారి బస్సు గురించీ చెప్పుల గురించీ ఏమీ చెప్పలేదు.

"సేటు రూంల కొత్త మిషిన్ ఏం చేస్తున్నది?"

"ఏం చెయ్యది సార్. పొద్దుగాల దేవుని ఫోటో సూపెడ్తది, సేటు దండం వెడ్తడు. నెలాకరికి లెక్కలు కొడ్తరు."

"గంత బలమున్న మిషిన్‌తోని దండం వెట్టిచ్చుకుంటున్నడా! సూడు బిడ్డా, మీ షెడ్ల మగ్గం నేస్తది. చీర దుకాణం అద్దాల కనవడ్తది. కొనేటోడు అద్దం ముందట నిలవడి సూస్తడు గని, మగ్గం నెత్తిన వెట్టుకోడు గద. గట్లనే చేద్దాం. కష్టమంత సేటు మిషిన్ పడ్తది. నీ ముసలిది ఉత్త అద్దం. సూపెడ్తది, గంతే. ముసలోల్లతోని బరువులు మోపియ్యద్దు, ముచ్చట్లు చెప్పియ్యాలె."

సేటు కొత్త మిషన్‌లో ఇదివరకే యూనిక్స్ జాతి సిస్టం ఉంది, ఒక మిషన్‌లో నడిచేదాన్ని ఇంకో మిషన్ మీద చూపించగలది. అదీ సార్ పెట్టించిందే, రాకుండానే. అదే జాతి సిస్టం, చిన్నది, ఇప్పుడు ముసలి మిషన్‌కూ కావాలి. మర్నాడు పొద్దున కోరుట్ల బస్సు కండక్టర్ చేత పెన్‌డ్రైవ్ వచ్చింది. మనిషి రాలేదు. స్రవంతి బల్ల మీద స్టూలు, స్టూలు మీద తను ఎక్కి, రెండు గదుల మధ్య గోడ పైనుంచి నెట్‌వర్క్ వైరు లాగింది. కింద దుర్గవ్వ స్టూలు పట్టుకుంది.

"ఓ పిల్లా, పైలం! పడ్తె కండెలు సుట్టనీకి గూడ పనికి రావు."

ముందు డిజైన్లన్నీ సేటు మిషన్‌లోకి పంపి, ముసలి మిషన్‌లో ఉన్నదంతా తుడిచేసి కొత్త సిస్టం ఎక్కించారు. ఎక్కించారంటే సార్ చెప్పాడు, స్రవంతి కొట్టింది. "దానికి రెండే పనులు నేర్పు" అన్నాడు సార్. "లేవంగనే పెద్ద మిషిన్ యాడున్నదో అడుగుడు. అది చెప్పింది సూపెట్టుడు. ఇంకేం నేర్పకు, పరేషాన్ అయితది." సాయంత్రానికి రెండు మిషన్లూ మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. స్రవంతికి ఛాతీ ఉప్పొంగింది. తన చేత్తో, తన వేళ్లతో!

"ఇగ పరీక్ష" అన్నాడు సార్. "దీంట్ల ఒక సిన్న ఆట ఉంటది. రెండు కండ్లు. మౌస్ ఎటు జరిగితె అటు సూస్తయ్. పెద్ద మిషిన్‌ల నడువుమని చెప్పు, నీ స్క్రీన్ మీద సూపెట్టుమని చెప్పు. కండ్లు నీ ముందట తెరుసుకున్నయా, మన పని అయినట్టె."

స్రవంతి కొట్టింది. చూసింది. ముసలి స్క్రీన్ మీద ఏమీ రాలేదు. మళ్లీ ఒకసారి కొట్టబోతుండగా, గోడ అవతల సేటు గదిలోంచి కేక వినిపించింది. మగ్గాల చప్పుడును దాటి వినిపించిందంటే అది ఎలాంటి కేకో అర్థం చేసుకోవాలి.

జరిగింది ఇదీ. కండ్లను ఏ స్క్రీన్ మీద చూపించాలో చెప్పే చోట స్రవంతి తన మిషన్ పేరు రాయడం మర్చిపోయింది. పేరు లేకపోతే పెద్ద మిషన్ ఏం చేస్తుంది? తన ఇంట్లోనే చూపించింది. సేటు అప్పుడే సాయంత్రం దీపం పెట్టి దేవుడి ఫోటోకు దండం పెడుతున్నాడు. దేవుడి పక్కన రెండు పెద్ద తెల్లటి గుడ్లు తెరుచుకున్నాయి. సేటు భయపడి మౌస్ పట్టుకుని పక్కకు జరిపాడు. గుడ్లు పక్కకు చూశాయి. పైకి జరిపాడు. పైకి చూశాయి.

"దిష్టి! దుర్గవ్వా! నా మిషిన్‌కు దిష్టి తాకింది! ఎవల కండ్లో లోపలికే అచ్చినయే!"

సిరిసిల్లలో కొత్త మగ్గం పెట్టినా, కొత్త బండి కొన్నా దిష్టి తీయడం దుర్గవ్వ పనే. ఆమె ఉప్పూ ఎండు మిరపకాయలూ పిడికిట పట్టుకుని వచ్చి కంప్యూటర్ చుట్టూ తిప్పింది. "ఇంటోల్ల దిష్టి, బయటోల్ల దిష్టి, ఆడకట్టు దిష్టి…" అని తిప్పుతుంటే ఆమె చీర కొంగు మౌస్‌కు తగిలింది. కండ్లు గిర్రున తిరిగి దుర్గవ్వను చూశాయి.

"సేటూ, ఇది ఉప్పుకు పొయ్యేటి దిష్టి కాదు" అంది దుర్గవ్వ.

ఇక సేటు ఆగలేదు. మిషన్‌కు నిమ్మకాయా పచ్చిమిరపకాయల దండా కట్టాడు. కొత్తగా గోడ మీంచి దిగిన వైరు కనబడింది. "గిండ్లకెల్లే అచ్చినట్టున్నది" అని దాన్ని పీకేశాడు. "మూడు శనివారాలు దాటేదాంక గీ వైరు ఎవ్వలన్న ముట్టిండ్రో, పనికెల్లి తీసేస్త!" అన్నాడు. గోడ ఇవతల స్రవంతి ముసలి మిషన్ 'పెద్ద మిషన్ ఎక్కడ, పెద్ద మిషన్ ఎక్కడ' అని అడుగుతూ అడుగుతూ ఊరుకుంది.

రమణ సార్ వచ్చేది ఎల్లుండి, గురువారం.

ఫోన్‌లో విన్న సుదర్శన్ సార్ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత అన్నాడు, "ఇగ నేనే రావాలె."

స్రవంతి నమ్మలేదు. రజనికి ఫోన్ చేస్తే ఆమె కూడా నమ్మలేదు. "సిరిసిల్ల అన్నడా? అయితె నిజామాబాద్ పోతడు సూడు" అంది.

కానీ గురువారం పొద్దున వచ్చాడు. వేములవాడ మీదుగా వచ్చిన బస్సు దిగి, గుడ్డ సంచీ భుజాన వేసుకుని, పొట్టిగా, గుండ్రంగా, ఎవరి ఇంటికో శుభలేఖ ఇవ్వడానికి వచ్చినట్టు షెడ్డు ముందు నిలబడ్డాడు. గొంతు విని గుర్తుపట్టింది స్రవంతి. గుర్తుపట్టిన క్షణమే లేచింది, చున్నీతో కుర్చీ తుడిచింది, గోడకు ఆనుకుని నిలబడింది. ఇది ఎవరూ నేర్పింది కాదు. వీర్నపల్లిలో నాయన ఎర్రయ్య ఎవరింటికి కూలికి పోయినా అరుగు కింద నిలబడే మాట్లాడేవాడు. ఎవరు ఎదురొచ్చినా, చేతిలో అన్నం ముద్ద ఉన్నా సరే, లేచేవాడు. అది ఇంట్లో అందరికీ కాళ్లలో దిగిపోయింది.

"సార్‌కు కుర్చి ఇయ్యి!" అన్నాడు సేటు, ఇచ్చిన కుర్చీనే చూపిస్తూ. "కూసోండ్రి సార్."

"అద్దద్దు! కూసుంటె నడుము వట్టుకుంటది" అని సార్ గడప దాటి బయటికి పోయాడు. బయటినుంచే అడిగాడు, "దిష్టి ఏ రూంల తాకింది సేటూ?"

సేటు తన గదికి తీసుకుపోయాడు. కండ్లు ఇంకా అలాగే తెరుచుకుని ఉన్నాయి. వాటి మీద సేటు ఒక తువ్వాల కప్పి ఉంచాడు. సార్ తువ్వాల ఎత్తి చూసి, నవ్వకుండా, తల గంభీరంగా ఊపాడు.

"అచ్చిన తొవ్వ మూసిండ్రు. ఇగ ఎటు పోతయ్ సేటూ కండ్లు? తొవ్వ తెరుస్తె గద పొయ్యేది!"

సేటు ముఖం పాలిపోయింది. "అంటె… నేనే లోపట వెట్టి గొల్లెం వెట్టిన్నా?"

"మీ చేతులతోనే ఆ వైరు వెట్టుండ్రి. నేను బయటికెల్లి అటు మలుపుత."

సేటు రెండు చేతులతో, దేవుడికి దండ వేసినట్టు వైరు పెట్టాడు. సార్ గడపలో నిలబడి ఫోన్‌లో ఏదో కొట్టాడు. ఇక్కడ కండ్లు మూసుకున్నాయి, గోడ అవతల ముసలి స్క్రీన్ మీద తెరుచుకున్నాయి. "పోయినయ్!" అని సేటు కేక. "అచ్చినయ్!" అని స్రవంతి కేక. దుర్గవ్వ మధ్య గడపలో నిలబడి రెండు గదులనూ చూసి, "సార్‌కు మంత్రం గూడ అస్తది" అని అందరికీ చెప్పింది.

స్రవంతి స్క్రీన్ మీది కండ్ల ఆటను మూసి, నెమలిని తెరిచింది. తోకా మెడా కిరీటం అన్నీ ఒక్కసారే వచ్చాయి. ఆమె కూడా ఆ నెమలిని అంత నిండుగా ఎప్పుడూ చూడలేదు. వెనక్కి తిరిగి చూస్తే సార్ లేడు. రోడ్డు అవతల, గది తలుపుకు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఒక చేతిలో చాయ్, ఒక చేతిలో ఫోన్.

అప్పుడే రమణ సార్ కారు దిగాడు. చీర అంచును బొటనవేలితో నలిపి చూసే అలవాటు ఆయనది. ఆ అలవాటు కొద్దీ స్క్రీన్‌ను కూడా నలిపి చూశాడు. "ఏది, సూపెట్టుండ్రి."

స్రవంతి లేచి నిలబడింది. సేటు సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. మౌస్ పట్టుకున్నాడు.

స్క్రీన్ నల్లబడింది.

"ఏమైందే?" అన్నాడు సేటు. స్రవంతి కంగారుగా వంగి చూసింది. ఏమీ లేదు. సేటు లేచి "నువ్వు సూడు" అన్నాడు. ఆమె కూర్చుంది. నెమలి వచ్చింది. "ఆ, అచ్చింది, లే." ఆమె లేచింది, సేటు కూర్చున్నాడు. నెమలి పోయింది. ఆమె కూర్చుంటే వచ్చింది, సేటు కూర్చుంటే పోయింది. బడిలో ఇద్దరు పిల్లలకు పంతులు గుంజీళ్లు తీయిస్తున్నట్టు ఉంది ఆ గది. రమణ సార్‌కు కూడా ఉత్సాహం వచ్చింది. "జరుగు, నేను కూసుంట" అని కూర్చున్నాడు. ఆయనకూ నలుపే.

"రవీందర్, నీ మిషిన్‌కు లోపమున్నది."

"లోపమేం లేదు సార్" అంది గడపలోంచి దుర్గవ్వ. ఆమె నిలబడ్డ చోటికి చాయ్ హోటల్ బాగా కనిపిస్తుంది. "నా రాట్నం గూడ గంతె. కొత్త చెయ్యి వడితె దారం తెంపుతది. గా పిల్లకు అలవాటు వడ్డది. గా పిల్లనే కూసోవెట్టుండ్రి."

స్రవంతి ఫోన్ గుర్రుమంది. చూసింది. సార్ పంపిన మాట ఒక్కటే. 'లేవకు.' తలెత్తి రోడ్డు అవతలికి చూసింది. సార్ ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు పైకి చూస్తూ చాయ్ చప్పరిస్తున్నాడు.

సేటు రెండు చేతులూ జోడించాడు. "స్రవంతీ, ఇగ నువ్వు లేస్తె నా మీద ఒట్టు! ఎవ్వలచ్చినా లేవకు. నేనచ్చినా లేవకు!"

దుర్గవ్వ కండెలు చుట్టే చోటి నుంచి రెండు పొట్టి పీటలు తెచ్చింది. ఒకదాని మీద సేటు, ఒకదాని మీద రమణ సార్ కూర్చుని, కిందినుంచి పైకి చూశారు. స్రవంతి కుర్చీలో కూర్చుని అంచులు ఒకటొకటే చూపించింది. మొదటి చీరను గబగబా దాటేసింది. రెండో చీరకు సర్దుకుంది. మూడో చీరకు రమణ సార్ "గీ చిలుకపచ్చ అంచు పసుపు చేస్తె ఎట్లుంటది?" అన్నాడు. ఆయన మాట పూర్తయ్యేసరికి పసుపు అంచు ఎదురుగా ఉంది.

"గిది ఎవలు గీసిండ్రు?"

"నేనే గీసిన సార్." కూర్చునే చెప్పింది.

"అయితె రవీందర్, పని నీకే. గని గీ పిల్లనే గీయాలె. ఇంకొకలు గీసినయ్ నాకద్దు."

మధ్యాహ్నం అజయ్ ల్యాప్‌టాప్‌తో దిగాడు. "అచ్చినవా, మంచిగైంది" అన్నాడు సేటు. "నా రూంల లెక్కలు సూస్కో. గీ రూం దిక్కు రాకు, మిషిన్‌కు కొత్త మనుషులు పడరు."

స్రవంతి రోడ్డు దాటి పరుగెత్తింది. సార్ బస్సు కోసం చూస్తున్నాడు.

"సార్, స్క్రీన్ మీరే ఆపిండ్రు గద?"

"నేనా? ఎండకు మసకవడ్డదేమొ."

"మీకు బర్రె గూడ లేదట సార్."

సార్ నవ్వాడు. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "కొత్తల నేను గూడ ఇంటింటికి తిరిగిన బిడ్డా. నేను పోంగనే మిషిన్ ముందట పనిచేసుకునేటోల్లు లేసి నిలవడుదురు. నేను కూసుంటుంటి, బాగు చేస్తుంటి, లేస్తుంటి. గప్పుడు ఆ కుర్చిల ఓనర్ కూసుంటుండె, లేకుంటె ఓనర్ బామ్మర్ది కూసుంటుండె. లేసినోల్లు మల్ల కూసునుడు నేను సూడలే. మల్లొకసారి పోతె ఆల్లు బయట చాయ్‌లు తెస్తుందురు. మిషిన్ బాగైతున్నది, మనిషి కుర్చి పోతున్నది. ఇదేం బాగుచేసుడు అనిపిచ్చింది. గప్పటికెల్లి పోవుడు బంద్ వెట్టిన. నేను రాకుంటె ఎవ్వలు లెవ్వరు గద. ఆల్ల ఏళ్లతోని ఆల్లే చేస్కుంటె, పని ఆల్లకే అస్తది. పని అచ్చినోల్లను లేపుడు జర కష్టం."

"అయితె నడుము నొప్పి అబద్ధమేనా సార్?" అంది స్రవంతి.

"నడుము నొప్పి నిజమే తియ్యి. పొద్దంత నిలవడితె నొయ్యదా మల్ల?"

కోరుట్ల బస్సు వచ్చింది. అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని ఉన్న సార్ అందరికంటే ముందు ఉరికి, కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టుకున్నాడు. వెనకాల ఎక్కిన ఇద్దరితో కొట్లాడాడు కూడా. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, "రేపు ఫోన్ చెయ్యి బిడ్డా, ఆ మిషిన్‌కు ఇంకొకటి నేర్పాలె. నాకు రావుడు కుదరది, బర్రె ఈనుతది" అని అరిచాడు. రోడ్డు మీద నిలబడి స్రవంతి ఎంత గర్వంగా నవ్విందంటే, చాయ్ హోటల్ ఆయన "మీ సుట్టమా?" అని అడిగాడు.

"మా సార్" అంది.

తర్వాత కొన్నాళ్లకు ఎర్రయ్య బిడ్డను చూద్దామని వీర్నపల్లి నుంచి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గడప అవతలే నిలబడి, "బిడ్డా" అన్నాడు. స్రవంతి చేయి పట్టుకుని లోపలికి తెచ్చి, తన పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టింది. స్టూలు విరుగుతుందేమోనన్నట్టు అంచు మీద కూర్చుని, ఆయన స్క్రీన్ మీద నెమలిని చూస్తున్నాడు. "గిది నువ్వు గీసినవా? దీనికి కండ్లు సూడు, నన్నే సూస్తున్నది" అంటున్నాడు.

అప్పుడు రవీందర్ సేటు లోపలికి వచ్చాడు. ఎర్రయ్య కాళ్లు వాటంతట అవే లేవబోయాయి. పక్కన స్రవంతి కూడా, పాత అలవాటు, సగం లేచింది.

సేటు గుండె ఆగినంత పనైంది. రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"లేవకుండ్రి! లేవకుండ్రి! కూసో ఎర్రయ్యా, నీకు దండం వెడ్త కూసో! మీరు లేస్తె మిషిన్ ఆగిపోతది!"

ఎర్రయ్య బిత్తరపోయి కూర్చున్నాడు. సేటు నిలబడే, మెల్లగా, స్క్రీన్‌ను బెదరగొట్టకుండా వంగి, నెమలి ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. "హమ్మయ్య" అని చెమట తుడుచుకుని, "జర చాయ్ తాగుతవా ఎర్రయ్యా? నువ్వు లేవకు, నేనే తెప్పిస్త" అంటూ వేళ్ల మీద నడుచుకుంటూ బయటికి పోయాడు.